గోడకు చెవులు: పరావర్తన ఫలకాల చరిత్ర – కొల్లేటి సీమ నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
వైర్‌లెస్ సంకేతాలను పొంచి వినేవారి నుంచి కాపాడడానికి స్మార్ట్ పరావర్తన ఫలకాలను వాడవచ్చునన్న ప్రతిపాదన 2019 నుంచి పరిశోధన పత్రాలలో విరివిగా కనిపిస్తున్నది. ఈ ఆలోచన వెనుక శతాబ్దానికి మించిన చరిత్ర ఉన్నది. ఆ చరిత్రలో పరావర్తన తలం ఒకప్పుడు మాట్లాడేవాడి పక్షాన, మరొకప్పుడు పొంచి వినేవాడి పక్షాన నిలిచింది. పొంచి వినేవాడు ఎప్పుడూ బలహీనమైన స్థానంలోనే ఉంటాడన్న ఊహ ఎలా ఏర్పడింది, ఫలకాలు వచ్చిన తరువాత అది ఏ రూపం తీసుకున్నది అన్న అంశాలను ఈ వ్యాసం చర్చిస్తుంది. ఏలూరు, తాడేపల్లిగూడెం పట్టణాలకు చేరువలోని కొల్లేటి సీమను ఆ ఊహకు పరీక్షాస్థలంగా స్వీకరిస్తుంది.

కీలక పదాలు: పరావర్తన ఫలకం, గోప్యతా సామర్థ్యం, పొంచి వినడం, మెటాసర్ఫేస్, కొల్లేరు, తాడేపల్లిగూడెం.

1. ఉపోద్ఘాతం

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న పల్లం కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు మొదలైన వాగులు, పొలాల డ్రెయిన్లు తెచ్చే నీరు ఇక్కడ చేరి, ఉప్పుటేరు గుండా బంగాళాఖాతంలో కలుస్తుంది. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర దీనిని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో ఇది రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరిట చేపల చెరువుల గట్లను తెగగొట్టిన ఘట్టం ఈ ప్రాంత సామాజిక చరిత్రలో ఇంకా చర్చనీయాంశమే. రేడియో తరంగాల వైపు నుంచి చూస్తే ఇదే నేల మరొక రూపంలో కనిపిస్తుంది. కొండ లేదు, ఎత్తైన మేడల వరుస లేదు. లంక గ్రామాలను, చెరువుల గట్లను మినహాయిస్తే కనుచూపు మేర నీరే. సెల్ టవరు నుంచి వెలువడిన తరంగానికి ఆ నీరు ఒక పెద్ద అద్దం. అయితే ఆ అద్దాన్ని తిప్పే మీట ఎవరి చేతిలోనూ లేదు.

స్మార్ట్ పరావర్తన ఫలకం అంటే అటువంటి మీట ఉన్న అద్దం. గోడకు బిగించిన పలుచని పలకపై వందల కొద్దీ చిన్న లోహపు ముక్కలు ఉంటాయి. ఒక్కొక్క ముక్క తన మీద పడిన తరంగాన్ని ఎంత ఆలస్యంగా వెనక్కు పంపాలో ఒక నియంత్రణ పెట్టె నిర్ణయిస్తుంది. ఆ ఆలస్యాలను సరిగా కూర్చితే, పరావర్తన తరంగాలన్నీ కావలసిన ఫోను వద్ద ఒకదానికొకటి తోడై బలపడతాయి. పొంచి వినేవాడి వద్ద ఒకదానినొకటి కొట్టివేసుకుంటాయి. గోడకు చెవులుంటాయన్నది తెలుగువారి నానుడి. అదే గోడను చెవులకు అడ్డుగా నిలపవచ్చునన్నది ఈ పరిశోధకుల వాదం.

2. జింకు రేకు, ఎత్తైన స్తంభం

రేడియో తరంగం ఉన్నదని రుజువు చేయడానికే పరావర్తన తలం అవసరమయింది. 1887–88లో జర్మనీలోని కార్ల్స్‌రూహెలో హైన్రిక్ హెర్ట్జ్ గోడకు జింకు రేకును అమర్చాడు. వచ్చే తరంగం, తిరిగి వచ్చే తరంగం కలిసి ఏర్పరచిన బిందువులను కొలిచి తరంగదైర్ఘ్యాన్ని తేల్చాడు. కొన్ని చోట్ల సంకేతం రెట్టింపయింది, కొన్ని చోట్ల దాదాపు మాయమయింది. నేటి ఫలకాలు చేస్తున్న పని సారాంశంలో ఇదే. హెర్ట్జ్ రేకు కదలలేదు, నేటి ఫలకం తన గుణాన్ని సెకనులో అనేకసార్లు మార్చుకోగలదు, తేడా అంతవరకే. 1895లో కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ మిల్లీమీటరు తరంగాలతో చేసిన ప్రదర్శన కూడా ఈ వంశవృక్షంలో చేరుతుంది. 5జీ కోసం ఈనాడు ఎంచుకున్న పౌనఃపున్యాలలో కొన్ని ఆయన వాడిన తరంగాల చేరువలోనివే.

పొంచి వినేవాడు కూడా ఆలస్యం చేయలేదు. గుగ్లియెల్మో మార్కోనీ 1900లో ట్యూనింగ్‌కు పేటెంటు పొంది, తన సందేశాలు ఇతరుల చెవిన పడవన్న నమ్మకాన్ని ప్రచారం చేశాడు. సముద్రగర్భ తంతి తీగల వ్యాపారం చేసే ఈస్టర్న్ టెలిగ్రాఫ్ కంపెనీకి ఆ ప్రచారం రుచించలేదు. ఆ కంపెనీ నియమించగా నెవిల్ మాస్కెలైన్ అనే ఇంద్రజాలికుడు ఇంగ్లండు తీరంలో పోర్త్‌కర్నో వద్ద ఎత్తైన స్తంభం నిలిపి, మార్కోనీ సందేశాలను సులువుగానే పట్టుకున్నాడు. 1903 జూన్‌లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్ ప్రదర్శన ఇస్తుండగా, మాస్కెలైన్ పంపిన వెక్కిరింత మాటలు అదే యంత్రంపై మోర్స్ లిపిలో వచ్చి పడ్డాయి. ఈ ఉదంతాన్ని సాధారణంగా వినోదంగా చెప్పుకుంటారు. చరిత్రకారుడికి అందులో ముఖ్యమైనది స్తంభం ఎత్తు. వినేవాడు తన స్థానాన్ని తానే ఎంచుకోగలడు, తన యాంటెన్నాను తానే పైకి ఎత్తుకోగలడు. తరువాతి సిద్ధాంతకర్తలు ఈ సంగతిని చాలాకాలం పక్కన పెట్టారు.

3. యుద్ధకాలపు పరావర్తనాలు

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. ఆ యుద్ధకాలంలోనే తాడేపల్లిగూడెంలో రన్‌వే వెలిసింది. అదే యుద్ధంలో ఐరోపా గగనతలంలో పరావర్తనం ఆయుధమయింది. 1943 జులైలో హాంబర్గు దాడి సమయంలో బ్రిటిష్ విమానాలు 'విండో' అనే సంకేతనామంతో లోహపు పట్టీలను గుట్టలుగా జారవిడిచాయి. ఆ పట్టీల నుంచి వచ్చిన పరావర్తనాల వలన జర్మన్ రాడార్లకు అసలు విమానం ఏదో తెలియకుండా పోయింది. ప్రత్యర్థి వినికిడిని రొదతో నింపడం అనే ఈ ఎత్తుగడ అరవై ఐదేళ్ల తరువాత, 'కృత్రిమ రొద' అన్న పేరుతో, సతాషు గోయెల్, రోహిత్ నేగి 2008లో వెలువరించిన పత్రంలో గణితరూపం పొందింది.

దీనికి ఎదురుగా నిలిచే ఉదాహరణ మాస్కోది. 1945లో సోవియట్ బాలబాలికల బృందం అమెరికా రాయబారి ఆవెరెల్ హారిమన్‌కు ఆ దేశపు రాజముద్రను చెక్కిన కొయ్య పలకను కానుకగా ఇచ్చింది. అది రాయబారి నివాసంలో గోడకు వేలాడింది. లోపల బ్యాటరీ లేదు, తీగ లేదు. ఒక లోహపు గుల్ల, పలుచని పొర, చిన్న యాంటెన్నా మాత్రమే ఉన్నాయి. భవనం బయటి నుంచి రేడియో తరంగాన్ని దానిపైకి పంపితే, గదిలోని మాటలకు కంపించే పొర ఆ తరంగాన్ని మార్చి వెనక్కు పంపేది. రూపకర్త లియోన్ థెరెమిన్. 1952లో దానిని కనుగొన్నారు; 1960లో అమెరికా ప్రతినిధి హెన్రీ కాబట్ లాడ్జ్ ఐక్యరాజ్యసమితిలో బహిరంగంగా చూపించాడు. శక్తిని తాను ఉత్పత్తి చేయకుండా, తనపై పడిన తరంగాన్ని మార్చి తిప్పిపంపే గోడ వస్తువు అన్న నిర్వచనం నేటి ఫలకానికి ఎంత సరిపోతుందో ఆ రాజముద్రకూ అంతే సరిపోతుంది. గోడకు చెవులుండడం అక్కడ నానుడి కాదు, ఇంజనీరింగ్.

4. వైనర్ ఊహ

క్లాడ్ షానన్ 1949లో ప్రచురించిన పత్రం రహస్యలేఖనాన్ని గణితశాస్త్రంలో భాగం చేసింది. సంపూర్ణ గోప్యతకు సందేశమంత పొడవైన తాళంచెవి కావాలని ఆయన నిరూపించాడు. ఆ నమూనాలో పొంచి వినేవాడికి గుప్తసందేశం పొల్లుపోకుండా అందుతుంది. 1975లో బెల్ ప్రయోగశాలలకు చెందిన ఆరన్ వైనర్ దీనిని సడలించాడు. వినేవాడికి అందేది అసలు గ్రాహకుడికి అందేదానికన్నా ఎక్కువ రొదతో కూడినదైతే, ముందుగా పంచుకున్న తాళంచెవి లేకుండానే రహస్యాన్ని పంపవచ్చునని చూపాడు. 1978లో ఇమ్రే చిసార్, యానోష్ కోర్నర్ ఆ ఫలితాన్ని విస్తరించారు. అదే ఏడాది లియుంగ్-యాన్-చియాంగ్, మార్టిన్ హెల్‌మన్ సాధారణ రొద ఉన్న ఛానల్‌కు సూత్రం చెప్పారు: గ్రాహకుడి ఛానల్ సామర్థ్యంలో నుంచి వినేవాడి ఛానల్ సామర్థ్యాన్ని తీసివేస్తే మిగిలేదే గోప్యతా సామర్థ్యం. మిగిలేది లేకపోతే రహస్యమూ లేదు.

సూత్రం సొగసైనది. అయితే అది వినేవాడి బలహీనతను ఇచ్చిన సంగతిగా తీసుకున్నది. తీగ విషయంలో ఆ ఊహకు కొంత ఆధారం ఉన్నది. గాలిలో దానికి భరోసా ఏదీ లేదు. టవరుకు ఫోను కన్నా పొంచి వినేవాడే దగ్గరగా ఉండవచ్చు. తరువాతి మూడు దశాబ్దాలలో ఆచరణ అంతా ఎన్‌క్రిప్షన్ వైపు సాగడానికి ఇదొక కారణం. 1994లో పీటర్ షోర్ క్వాంటం అల్గారిథంను ప్రతిపాదించిన తరువాత, బహిరంగ తాళంచెవి పద్ధతుల భవిష్యత్తు మీద సందేహం కలిగింది. 2000 తరువాత, ఒడిదుడుకులకు లోనయ్యే ఛానళ్ల అధ్యయనంతో వైనర్ మళ్లీ చర్చలోకి వచ్చాడు.

5. ఊహను నిర్మించే ప్రయత్నం

ఫలకం సాంకేతికంగా కొత్తది కాదు. 1963లో బెర్రీ, మలెక్, కెన్నెడీ రిఫ్లెక్టారే అనే పరావర్తన యాంటెన్నాను వివరించారు. 2014లో చైనాలో చుయ్ తియెజున్ బృందం లోహపు ముక్కల స్థితులను సున్నా, ఒకటి అంకెలతో నియంత్రించే మెటాసర్ఫేస్‌ను ప్రకటించింది. 2019లో వూ చింగ్‌చింగ్, ఝాంగ్ రూయ్ దానిని సెల్ నెట్‌వర్కు గణితంలోకి తెచ్చారు. ముక్కల సంఖ్య రెట్టింపయితే ఫోను వద్ద శక్తి నాలుగు రెట్లవుతుందన్న వారి ఫలితం ఎందరో పరిశోధక విద్యార్థులకు ప్రారంభ బిందువు. 2020లో జపాను సంస్థ ఎన్‌టీటీ డొకోమో 28 గిగాహెర్ట్జ్ వద్ద పారదర్శక ఫలకాన్ని పరీక్షించింది. 2021లో ఐరోపా ప్రమాణాల సంస్థ ఎట్సీ ఇందుకొక ప్రత్యేక బృందాన్ని ఏర్పాటు చేసింది.

గోప్యత విషయంలో నిర్ణాయకమైనది కుయ్ మియావో, ఝాంగ్ గ్వాంగ్‌చీ, ఝాంగ్ రూయ్ 2019లో ప్రచురించిన చిన్న పత్రం. వారు వైనర్‌కు పూర్తిగా ప్రతికూలమైన సందర్భాన్నే ఎంచుకున్నారు: వినేవాడి ఛానల్ గ్రాహకుడి ఛానల్ కన్నా బలమైనది, పైగా ఇద్దరూ ఇంచుమించు ఒకే దిక్కున ఉన్నారు. పాత లెక్కలో ఇక్కడ గోప్యతా సామర్థ్యం సున్నా. ఫలకం నుంచి వచ్చే తరంగాన్ని వినేవాడి వద్ద నేరు తరంగానికి వ్యతిరేక దశలో కలిపితే ఆ సున్నా పైకి లేస్తుందని వారు చూపారు. అంటే వైనర్‌కు ఊహగా ఉన్నది ఇక్కడ నిర్మించవలసిన వస్తువయింది. ఈ రంగపు చరిత్రలో అసలు మలుపు ఇదే.

మలుపులో ఒక చిక్కు మిగిలింది. వినేవాడి వద్ద తరంగాన్ని కొట్టివేయాలంటే అతడు ఎక్కడున్నాడో, అతడికి చేరే ఛానల్ ఎలా ఉన్నదో తెలియాలి. మౌనంగా వినేవాడు ఏ సంకేతమూ పంపడు. అతడి ఛానల్‌ను కొలవడానికి ఆధారం దొరకదు. 2020లో యూ షియాంగ్‌హావో ప్రభృతుల పత్రం ఆ సమాచారం అసంపూర్ణమైనప్పుడు ఏమి చేయాలో చర్చించింది. అయినా మ్యాట్‌ల్యాబ్ అనుకరణలలో వినేవాడిని పటంపై ఒక బిందువుగా గుర్తించి, అతడి ఛానల్ పూర్తిగా తెలుసునని రాసుకోవడం అలవాటుగా మారింది. లెక్క సులువవుతుంది, రేఖాపటం అందంగా వస్తుంది. పొంచి వినేవాడు తన చిరునామా ఇచ్చి వచ్చినట్లు ఉంటుంది ఆ వ్యవహారం.

6. కాగితపు ఫలకం, కార్యాలయపు చెవి

మాస్కో రాజముద్ర చెప్పిన పాఠం 2022లో తిరిగి వినిపించింది. అమెరికాలోని రైస్, బ్రౌన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు కాగితం, ప్రింటరు, లోహపు రేకు, లామినేటరు మాత్రమే వాడి నిమిషాలలో ఒక మెటాసర్ఫేస్‌ను తయారు చేశారు. దానిని ప్రసారమార్గంలో ఉంచి, సన్నని కిరణంలో నుంచి కొంత భాగాన్ని పొంచి వినేవాడి వైపు మళ్లించవచ్చునని ప్రయోగంతో నిరూపించారు. అదే సంవత్సరం జర్మనీలోని బోహుమ్ పరిశోధకుల 'ఐఆర్‌షీల్డ్' దీనికి వ్యతిరేక దిశలో నడిచింది: వై-ఫై తరంగాల కదలికను బట్టి ఇంట్లో మనిషి జాడ పసిగట్టేవారిని ఫలకంతో తికమక పెట్టవచ్చునని చూపింది. రెండు పక్షాలకూ ఒకే పనిముట్టు.

భారతదేశంలో పొంచి వినడానికి మరొక చరిత్ర ఉన్నది. అది గాలిలోది కాదు, కార్యాలయాలలోది. 1885 టెలిగ్రాఫ్ చట్టపు 5(2) సెక్షను ప్రభుత్వానికి సందేశాలను అడ్డగించే అధికారం ఇచ్చింది. 1996లో పీయూసీఎల్ కేసులో సుప్రీంకోర్టు ఆ అధికారానికి విధివిధానాలను నిర్దేశించింది. 2017లో పుట్టస్వామి తీర్పు గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టంలోనూ అడ్డగించే అధికారం కొనసాగింది. ఫోను నుంచి టవరు వరకు గాలిలో సాగే దూరాన్ని మాత్రమే ఫలకం కాపాడగలదు. టవరు దాటిన తరువాత తీగ మీద జరిగేదానితో దానికి సంబంధం లేదు. భౌతికస్థాయి భద్రతపై వచ్చే సిద్ధాంతవ్యాసాలు తమ ఉపోద్ఘాతాలలో 'సంపూర్ణ భద్రత' అన్న మాటను వాడేముందు ఈ హద్దును చెప్పడం న్యాయం.

7. కొల్లేటి లెక్క

ఈ చర్చకు కొల్లేటి సీమ ఎందుకు అవసరం? ఫలకాల గురించిన అనుకరణలు చాలావరకు గోడలున్న నగరాన్ని ఊహించుకుంటాయి. అక్కడ నేరు దారి మూసుకుపోతుంది, ఫలకం కొత్త దారి తెరుస్తుంది. కొల్లేటిలో దారి ఎవరికీ మూసుకుపోదు. 30 మీటర్ల టవరు, నీటికి ఒకటిన్నర మీటరు ఎత్తున ఫోను, 3.5 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యం అనుకుంటే తరంగదైర్ఘ్యం సుమారు 8.6 సెంటీమీటర్లు. రెండు కిలోమీటర్ల దూరంలో నీటిపై పడే కిరణం ఒక డిగ్రీ లోపు కోణంతోనే తగులుతుంది. అంతటి వాలు కోణంలో, రొయ్యల చెరువులో ఏరియేటర్లు లేపే అలలు కూడా తరంగానికి నునుపైన తలంగానే లెక్కకు వస్తాయి. కనుక నేరు కిరణంతోపాటు నీటి నుంచి వచ్చిన కిరణమూ బలంగానే చేరుతుంది. పాఠ్యపుస్తకాల రెండు కిరణాల నమూనా ప్రకారం సుమారు 2.1 కిలోమీటర్లు దాటిన తరువాత సంకేతశక్తి దూరపు నాలుగవ ఘాతాన్ని అనుసరించి పడిపోతుంది.

ఆ హద్దుకు చాలా ఆవల శక్తి యాంటెన్నా ఎత్తు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గట్టు మీద గుంజ పాతి యాంటెన్నాను మూడు మీటర్లకు ఎత్తినవాడికి, ఒకటిన్నర మీటరు ఎత్తున ఫోను పట్టుకున్న రైతు కన్నా దాదాపు నాలుగు రెట్ల శక్తి అందుతుంది. పోర్త్‌కర్నోలో మాస్కెలైన్ చేసినది ఇదే. చెరువు పట్టుబడి ఏ రోజున, ఏ ధరకు అన్న మాట ముందుగా తెలిసినవాడికి బేరంలో పైచేయి ఉంటుంది. మోటారు స్టార్టర్లను ఫోనుతో నడిపే అలవాటు పెరిగిన చోట సంకేతాల విలువ మాటలతో ఆగదు. ఎన్‌క్రిప్షన్ నేడు ఈ మాటలకు రక్షణ. ఆ రక్షణకు తోడుగా ఫలకాన్ని ప్రతిపాదించేవారు ఈ నేలలో దాని శక్తి ఎంతో లెక్కవేయాలి.

ఒక చదరపు మీటరు ఫలకాన్ని ఫోనులున్న చోటికి దగ్గరగా, టవరుకు రెండు కిలోమీటర్ల దూరంలో నిలిపారనుకుందాం. అర తరంగదైర్ఘ్యపు ముక్కలు అందులో సుమారు 530 పడతాయి. నీటి పరావర్తనాన్ని పక్కనపెట్టి, ఖాళీ ప్రదేశపు సూత్రంతోనే చూస్తే, ఫలకం నుంచి వచ్చే తరంగం నేరు తరంగంతో సమానం కావాలంటే వినేవాడు ఫలకానికి సుమారు 12 మీటర్ల లోపే ఉండాలి. వంద మీటర్ల ఆవల ఉంటే ఫలకపు తరంగపరిమితి నేరు తరంగంలో దాదాపు ఎనిమిదవ వంతు. అంతటితో కొట్టివేయడం కుదరదు. వంద మీటర్ల వద్ద సమానం కావాలంటే సుమారు 8.6 చదరపు మీటర్ల ఫలకం, 4,700 వరకు ముక్కలు కావాలి. ఒక్కొక్క ముక్క ద్వారా వచ్చే ఛానల్‌ను కొలిచే భారం దీనికి అదనం. ఏలూరు వీధుల్లో, నేరు దారి మూసుకుపోయిన ఇంటి వెనుక, ఈ లెక్క చాలావరకు ఫలకానికి అనుకూలంగా మారుతుంది. కొల్లేటి గట్టు మీద మారదు.

ఇంకొక చిక్కు రుతువుది. గట్టుపై స్తంభానికి బిగించిన గ్రాహకం, టవరు కదలవు. నీటిమట్టం మాత్రం వానాకాలానికి, వేసవికి మారుతుంది. మట్టం ఒక మీటరు తగ్గితే, రెండు కిలోమీటర్ల వద్ద నేరు కిరణానికి, నీటి కిరణానికి మధ్య దారి తేడా 4.5 సెంటీమీటర్ల నుంచి 7.75 సెంటీమీటర్లకు పెరుగుతుంది. మార్పు తరంగదైర్ఘ్యంలో మూడవ వంతుకు పైనే. ఆషాఢంలో వినేవాడి వద్ద తరంగాలను కొట్టివేసిన అమరిక చైత్రానికి అతడికే మేలు చేయవచ్చు. నీరు ఇంకి నేల తేలిన చోట పరావర్తన గుణమే వేరు. రామ్‌సర్ పత్రాలలో పక్షుల లెక్క ఉన్నట్లుగా, ఈ నీటి మీద రేడియో ఛానల్ లెక్కలు నెలవారీగా ఉంటే, స్మార్ట్ ఫలకాల సిద్ధాంతంలోని ఒక ప్రధానమైన ఊహను బహిరంగ జలతలంపై పరీక్షించవచ్చు.

తాడేపల్లిగూడెంలో 2015లో, తొలుత వరంగల్ ఎన్ఐటీ మార్గదర్శకత్వంలో, ఆంధ్రప్రదేశ్ ఎన్ఐటీ మొదలయింది. ఏలూరులో సర్ సి.ఆర్.రెడ్డి ఇంజనీరింగ్ కళాశాల 1989 నుంచి ఉన్నది. ఎలక్ట్రానిక్స్, కమ్యూనికేషన్ శాఖలున్న ఇటువంటి సంస్థల నుంచి కొల్లేటి గట్టు దూరాభారం కాదు. కావలసినది ఒక సంకేత జనకం, ఎత్తు మార్చుకోగల రెండు యాంటెన్నాలు, స్పెక్ట్రం విశ్లేషకం, తగిన అనుమతులు, ఏడాది పొడవునా ఒకే గట్టుకు తిరిగి వచ్చి కొలిచే ఓపిక. వాటిలో ఒక యాంటెన్నాను గ్రాహకుడిదిగా, రెండవదానిని పొంచి వినేవాడిదిగా గుర్తించి, రెండవదానిని ప్రతిసారీ కొంచెం పైకి ఎత్తుతూ కొలవాలి. ఫలకాన్ని ఆ తరువాత తేవచ్చు.